మలుపు కొలిస్తేనే బస్సుకు దారి

ముందు చక్రం ఒక దారిన.. వెనుక చక్రం మరో దారిన
కూడలి కొలతల్లోనే ప్రమాదానికి బీజం
రోడ్డు వెడల్పు ఒక్కటే పరిష్కారం కాదు

విజయవాడ: సిగ్నల్ వద్ద పచ్చదీపం వెలుగుతుంది. ఎడమకు తిరగవలసిన సిటీ బస్సు ముందుగా కాస్త కుడికి జరుగుతుంది. బస్సుకు, కాలిబాటకు మధ్య మనిషి పట్టేంత ఖాళీ ఏర్పడుతుంది. దారి దొరికిందనుకుని వెనుక ఉన్న ద్విచక్ర వాహనదారుడు అందులోకి దూరుతాడు. మరుక్షణమే బస్సు ఎడమకు తిరుగుతుంది. ఖాళీ క్రమంగా ఇరుకవుతుంది. అదృష్టం బాగుంటే బ్రేకు పడుతుంది, లేకుంటే వాహనం వెనుక చక్రానికి, గట్టు రాయికి మధ్య చిక్కుకుంటుంది.

నగరంలో నిత్యం కనిపించే దృశ్యమిది. ఇటువంటి సందర్భాల్లో బస్సు డ్రైవరును నిందించడం, లేదా కుర్రకారు దూకుడును తప్పుపట్టడం పరిపాటి. ఆ ఇద్దరినీ ఆ స్థితికి నెట్టిన మూడో కారణం మాత్రం చర్చకు రాదు. అది రోడ్డు మలుపు కొలత. బస్సు తన వరుసలో ఉంటూనే తిరగగలిగేలా కూడలిని నిర్మిస్తే, డ్రైవరు ముందుగా కుడికి జరగవలసిన పని ఉండదు. ఆ మోసపు ఖాళీ అసలు ఏర్పడదు.

నిచ్చెన మోసినట్లే..

బస్సు మలుపు తిరగడంలోని ఇబ్బందిని అర్థం చేసుకోవాలంటే పొడవాటి నిచ్చెనను ఇద్దరు మనుషులు మోసుకుంటూ సందు మలుపు తిరగడాన్ని ఊహించుకుంటే చాలు. ముందున్న వ్యక్తి మూల రాగానే తిరిగితే నిచ్చెన మధ్యభాగం గోడకు తగులుతుంది. అందువల్ల అతడు మూల దాటి మరికొంత ముందుకు వెళ్లి తిరుగుతాడు. బస్సు డ్రైవరు చేసేదీ అదే.

స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలే మళ్లుతాయి. వెనుక చక్రాలు ఇరుసుకు నేరుగా బిగించి ఉండటంతో ముందు చక్రాల బాటలో నడవవు, మలుపు లోపలి వైపునకు జరుగుతాయి. ఎంత జరుగుతాయనేది ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. దీన్నే వీల్‌బేస్ అంటారు. 12 మీటర్ల పొడవైన సిటీ బస్సుకు ఈ దూరం సుమారు 6 మీటర్లు, చిన్న కారుకు సుమారు రెండున్నర మీటర్లు.

ముందు చక్రం 11 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతోందని అనుకుంటే, కారు వెనుక చక్రం 30 సెంటీమీటర్ల లోపే లోపలికి జరుగుతుంది. అదే మలుపులో 12 మీటర్ల బస్సు వెనుక చక్రం సుమారు 1.8 మీటర్లు లోపలికి వస్తుంది. వాహనం వలయంగా తిరుగుతూనే ఉన్నప్పటి లెక్క ఇది. 90 డిగ్రీల మలుపు త్వరగా ముగిసిపోతుంది కనుక అక్కడ కొంత తగ్గుతుంది. వీల్‌బేస్ రెట్టింపయితే ఈ జరుగుబాటు రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లవుతుంది. కారుకు సరిపోయే మూల బస్సుకు చాలకపోవడానికి కారణమిదే.

రెండున్నర మీటర్ల బస్సుకు ఆరు మీటర్ల దారి

ముందు చక్రాలకు ముందు కూడా బస్సు శరీరం రెండు మీటర్లకు పైగా ఉంటుంది. మలుపులో ఈ ముందు మూల బయటి వైపునకు ఊడ్చుకుంటూ పోతుంది. లోపలి వైపు వెనుక చక్రం వస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న స్థలమంతా బస్సుకు కావలసిందే. పై లెక్కలోని బస్సుకు బయటి మూల వ్యాసార్ధం సుమారు 12.5 మీటర్లు, లోపలి వైపు వ్యాసార్ధం సుమారు 6.7 మీటర్లు వస్తుంది. అంటే నేరుగా పోయేటప్పుడు రెండున్నర మీటర్ల వెడల్పు చాలిన బస్సుకు, మలుపులో దాదాపు 5.8 మీటర్లు కావాలి. మూడున్నర మీటర్ల వరుస గీసి, ఇందులోనే తిరగమంటే సాధ్యం కాదు.

యూరప్ దేశాల నిబంధనలు ఈ విషయాన్ని మరో విధంగా చెబుతాయి. బస్సు ఏదైనా 12.5 మీటర్ల వ్యాసార్ధం గల బయటి వలయానికి, 5.3 మీటర్ల వ్యాసార్ధం గల లోపలి వలయానికి మధ్య తిరగగలగాలి. అంటే 7.2 మీటర్ల పట్టీ. రోడ్డు వేసే ఇంజినీరుకు, బస్సు తయారీదారుకు ఇద్దరికీ ఇదే కొలమానం. మన దేశంలోనూ రోడ్ల నమూనాకు ప్రామాణిక వాహనాల కొలతలను ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1983లోనే ప్రకటించింది. కూడళ్ల రూపకల్పనకు ప్రత్యేక మార్గదర్శకాలను 1994లో వెలువరించింది. కొలతలు తెలియక కాదు, మూల మలిచేటప్పుడు వాటిని చూడకపోవడం వల్లే చిక్కు.

తోకతోనూ ముప్పే

వెనుక ఇరుసు అవతల బస్సు శరీరం మూడు మీటర్లకు పైగా వేలాడుతూ ఉంటుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఈ భాగం వీల్‌బేస్‌లో 60 శాతానికి మించరాదు. బస్సు ఎడమకు తిరిగితే ఈ తోక కుడికి, కుడికి తిరిగితే ఎడమకు ఊగుతుంది. పూర్తిగా స్టీరింగ్ తిప్పిన మలుపులో ఈ ఊపు సుమారు అర మీటరు ఉంటుంది.

బస్సు స్టాపులోనే ఇది ప్రమాదకరంగా మారుతుంది. ముందు ఆటో నిలిచి ఉంటే, బస్సు స్టాపు నుంచి కుడికి గట్టిగా తిప్పుకుని బయలుదేరుతుంది. అప్పుడు దాని తోక కాలిబాట అంచు మీదుగా ఊగుతుంది. అక్కడే నిలుచుని తర్వాతి బస్సు కోసం చూస్తున్న ప్రయాణికుడికి అది తగలవచ్చు. డ్రైవరు దృష్టి ఆ క్షణంలో కుడి వైపు అద్దంలో, వెనుక నుంచి వచ్చే వాహనాల మీద ఉంటుంది. ఎడమ వెనుక మూల అతడికి కనిపించదు. స్టాపులో ఆటోలను నిలపనీయకపోవడం కేవలం క్రమశిక్షణకు సంబంధించిన విషయం కాదు, ప్రయాణికుడి ప్రాణానికి సంబంధించిన విషయం.

కాలువల నగరం.. ఇరుకు మూలలు

విజయవాడలో ఈ సమస్య మరింత తీవ్రంగా ఉండటానికి నగర స్వరూపమూ కారణమే. ఒక వైపు ఇంద్రకీలాద్రి, మరో వైపు కృష్ణా నది. నడుమ బందరు, ఏలూరు, రైవస్ కాలువలు. కాలువ గట్టు వెంట రోడ్డు, దాన్ని దాటేందుకు వంతెన అన్నది పాత నగరంలో సాధారణ అమరిక. వంతెన దిగగానే గట్టు రోడ్డులోకి తిరగాలంటే మూలను వెనక్కి జరిపే వీలు లేదు. ఒక పక్క వంతెన పిట్టగోడ, మరో పక్క కాలువ ఉంటాయి. వన్‌టౌన్ వంటి పాత ప్రాంతాల్లో కాలువ బదులు దుకాణం మెట్లు ఉంటాయి. ఆ మూలలు జట్కాలు, రిక్షాలు తిరిగిన కాలానికి సరిపోయినవి.

కొత్త కూడళ్ల సంగతి వేరు. పుణె-మచిలీపట్నం, చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారులు కలిసే బెంజిసర్కిల్ వద్ద 2020లో ఒక పైవంతెన, 2022లో దాని పక్కనే రెండోది లాంఛనంగా ప్రారంభమయ్యాయి. నేరుగా పోయే లారీలు, దూరప్రాంత వాహనాలు పైకి వెళ్లాయి. కానీ బందరు రోడ్డు మీదుగా వచ్చి రామవరప్పాడు వైపు ఎడమకో, వారధి వైపు కుడికో తిరగవలసిన బస్సు పైవంతెన ఎక్కదు. అది కిందనే తిరగాలి. కింద వంతెన స్తంభాలు ఉంటాయి. స్తంభం చాటున వచ్చే వాహనం ఆలస్యంగా కనిపిస్తుంది. పైవంతెన నేరుగా పోయేవారికి ఊరటే. మలుపు తిరిగేవారికి మాత్రం కింద మిగిలిన స్థలాన్ని మళ్లీ కొలిచి, గీతలు గీసి ఇస్తేనే మేలు.

ఐలాండ్ పెరిగితే బస్సుకు చోటు తరుగు

రాష్ట్రంలో దాదాపు ప్రతి పట్టణంలోనూ నాలుగు రోడ్ల నడుమ ఒక గుండ్రటి దిమ్మె, దానిపై విగ్రహం, చుట్టూ ఇనుప కంచె, కంచె చుట్టూ పూలమొక్కలు కనిపిస్తాయి. అందంగా తీర్చిదిద్దే ప్రతిసారీ దిమ్మె అడుగున మరో వరుస పెరుగుతుంది. పైన చెప్పిన 12.5, 5.3 మీటర్ల కొలతలను ఇక్కడ వర్తింపజేస్తే విషయం తేటతెల్లమవుతుంది. కూడలిలో గట్టు నుంచి గట్టుకు 25 మీటర్ల వ్యాసం ఉంటే, నడుమ దిమ్మె వ్యాసం 10.6 మీటర్లకు మించకూడదు. మించిన ప్రతి అడుగూ బస్సు తిరిగే పట్టీలోంచి తీసుకున్నదే. చుట్టూ తోపుడు బండ్లు, ఆటోలు నిలిస్తే ఆ 25 మీటర్లూ ఉండవు.

రోడ్లు, కాలిబాటలు, ఇతర ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలు, కట్టడాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. రాకపోకలకు అడ్డంకి కాకూడదన్నదే దాని సారాంశం.

డివైడర్ మొనదీ ఇదే కథ. కుడికి తిరిగే బస్సుకు స్థలం ఎక్కువే దొరుకుతుంది. కానీ ఎదుటి రోడ్డు డివైడర్‌ను కూడలిలోకి బాగా పొడిగిస్తే, బస్సు కుడి వెనుక చక్రం ఆ మొన మీదకు ఎక్కుతుంది. పగిలిన మొన రాళ్లు, వంగిన బోర్డు కనిపించిన ప్రతిచోటా అక్కడి కొలత తప్పిందని రోడ్డే చెబుతున్నట్లు లెక్క. వాటిని మళ్లీ అదే చోట కట్టడం కంటే రెండు మీటర్లు వెనక్కి జరపడం మేలు.

మూల నరికితే పాదచారికి చిక్కు

అయితే మూలలన్నీ విశాలంగా గుండ్రం చేస్తే సరిపోతుందా? చాలాచోట్ల చేసింది ఇదే. ఫ్రీ లెఫ్ట్ పేరిట మూలను నరికి, కాలిబాటను వెనక్కి నెట్టారు. బస్సు సులువుగా తిరుగుతోంది. కానీ అదే మలుపులో కారు, ఆటో, మోటారు సైకిలు వేగం తగ్గించకుండా దూసుకుపోతున్నాయి. ఆగకుండా వచ్చే ఆ ప్రవాహంలో కాలు పెట్టలేక పాదచారి నిలిచిపోతున్నాడు.

దాటవలసిన దూరమూ పెరుగుతుంది. 14 మీటర్ల రోడ్డును, రెండు మీటర్ల కాలిబాట నడుమ నుంచి నేరుగా దాటాలనుకుందాం. రెండు పక్కలా మూలల వ్యాసార్ధం 3 మీటర్లయితే నడవవలసింది సుమారు పదిహేనున్నర మీటర్లు. అదే వ్యాసార్ధాన్ని 12 మీటర్లకు పెంచితే దూరం 28 మీటర్లు దాటుతుంది. సెకనుకు 1.2 మీటర్లు నడిచేవారికి మొదటి దానికి 13 సెకన్లు, రెండో దానికి 24 సెకన్లు పడుతుంది. కర్ర ఊతతో నడిచే వృద్ధుడికి, చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లికి ఇంకా ఎక్కువ. బస్సు దిగినవారంతా పాదచారులే. బస్సుకు మేలు చేయబోయి బస్సు ప్రయాణికుడికే కీడు చేయడం ఏ విధంగానూ సబబు కాదు.

మధ్యేమార్గం ఉంది

ఈ రెండు అవసరాలనూ కలిపి తీర్చే పద్ధతులు ఇంజినీరింగ్‌లో ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటిలో చాలావరకు ఖర్చు తక్కువే.

మొదటిది, స్టాప్ లైన్‌ను వెనక్కి జరపడం. బస్సు తిరిగి చేరవలసిన రోడ్డులో, ఎదురుగా సిగ్నల్ కోసం ఆగే వాహనాల గీతను కొన్ని మీటర్లు వెనక్కి గీస్తే, బస్సు ముందు మూల ఆ ఖాళీ స్థలం మీదుగా తిరుగుతుంది. అప్పుడు తన రోడ్డులో కుడికి జరగవలసిన అవసరం తగ్గుతుంది. దీనికి కావలసింది రంగు, బ్రష్, ఆ గీతను పాటింపజేసే పోలీసు.

రెండోది, గరుకు అంచు. మూలను కారుకు సరిపడా చిన్నదిగానే ఉంచి, దాని వెలుపల కాస్త ఎత్తుగా, గరుకు రాళ్లతో ఒక పట్టీ పరుస్తారు. కారు, ఆటో దాని మీదకు ఎక్కితే కుదుపు వస్తుంది కనుక పక్క నుంచే నెమ్మదిగా తిరుగుతాయి. బస్సు వెనుక చక్రం మాత్రం దాని మీదుగా వెళ్తుంది. గుండ్రటి ఐలాండ్ల చుట్టూ కూడా ఇటువంటి పట్టీ వేయవచ్చు. ఇది కాలిబాట కాదని రంగులో, ఎత్తులో తేడా స్పష్టంగా తెలియాలి. లేకుంటే జనం దాని మీదే నిలబడతారు.

మూడోది, మూలను ఒకే వలయంగా కాక మూడు వంపులుగా మలచడం. వెనుక చక్రం లోపలికి వచ్చే తీరుకు అనుగుణంగా, మొదట విశాలంగా, నడుమ బిగువుగా, చివర మళ్లీ విశాలంగా తీర్చితే తక్కువ స్థలంలోనే బస్సు తిరుగుతుంది. మూల మొత్తాన్ని నరకవలసిన పని లేదు.

నాలుగోది, ఉన్న స్థలాన్ని కాపాడటం. కూడలి సమీపంలో వాహనాలు నిలపరాదని నిబంధనలు చెబుతూనే ఉన్నాయి. అయినా మలుపులోనే ఆటోలు, బండ్లు, దుకాణాల ముందు వాహనాలు ఉంటాయి. విద్యుత్తు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, హోర్డింగు కాళ్లు సరేసరి. కాగితం మీద 9 మీటర్ల మూల ఉన్నా, ఒక్క ఆటో నిలిస్తే బస్సుకు మిగిలేది అందులో కొంతే.

స్టాపు ఎక్కడ ఉండాలి?

మలుపుతో విడదీయలేని మరో అంశం బస్సు స్టాపు. కూడలికి సరిగ్గా ముందు, ఎడమ పక్కన స్టాపు ఉంటే, అక్కడ ప్రయాణికులను ఎక్కించుకున్న బస్సు కుడికి తిరగాలంటే ఉన్న వరుసలన్నీ అడ్డంగా కోసుకుంటూ పోవాలి. వెనుక వాహనాలన్నీ ఆగుతాయి. తొందరలో ఉన్నవారు బస్సు ముందు నుంచి, వెనుక నుంచి దూరతారు. దీనికి విరుగుడుగా స్టాపును కూడలి దాటిన తర్వాత పెట్టాలన్నది సాధారణ సూత్రం. అయితే బస్సు తిరిగీ తిరగగానే, తోక ఇంకా కూడలిలో ఉండగానే ఆగేంత దగ్గరగా అది ఉండకూడదు. ఒకేసారి రెండు బస్సులు వచ్చినా పట్టేంత దూరం ఉండాలి. కుడికి తిరిగే మార్గాల బస్సులకు ముందరి స్టాపు తప్పనిసరైతే, వరుసలు మారేందుకు తగినంత దూరం వదిలి పెట్టాలి.

జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద విజయవాడ, విశాఖపట్నంలలో నిర్మించిన బీఆర్‌టీఎస్ రోడ్లు మరో పాఠం నేర్పుతాయి. రోడ్డు నడుమ బస్సులకు ప్రత్యేక వరుస ఇచ్చినప్పుడు, ఎడమకు తిరగవలసిన బస్సు తన ఎడమ పక్కన నేరుగా పోతున్న వాహనాలన్నింటినీ దాటాలి. వాటిని ఆపి బస్సుకు మాత్రమే దారి ఇచ్చే ప్రత్యేక సిగ్నల్ లేకపోతే నడుమ వరుస ప్రయోజనం మలుపు దగ్గరే హరించుకుపోతుంది.

నిలుచున్నవారి సంగతి

మలుపు వ్యాసార్ధం బస్సు లోపలి వారి మీదా ప్రభావం చూపుతుంది. మలుపులో పక్కకు తోసే బలం వేగంతో పాటు కాక, వేగపు వర్గంతో పెరుగుతుంది. 12 మీటర్ల మలుపును గంటకు 15 కి.మీ. వేగంతో తిరిగితే ఆ బలం మనిషి బరువులో సుమారు 15 శాతం. అదే 25 కి.మీ. వేగంతో తిరిగితే 40 శాతానికి చేరుతుంది. కూర్చున్నవారు ఓర్చుకుంటారు. కమ్మీ పట్టుకుని నిలుచున్నవారు తూలుతారు. ఫుట్‌బోర్డు మీద ఉన్నవారు పట్టు తప్పుతారు. బస్సు కుడికి తిరిగేటప్పుడు ఈ బలం ఎడమకు, అంటే తలుపు వైపునకే తోస్తుంది.

రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం అమల్లోకి వచ్చింది. కిక్కిరిసిన బస్సులో నిలుచుని వెళ్లేవారు ఎందరుంటే, కూడలి మలుపు అందరికి పరీక్షగా మారుతుంది. మలుపును సాఫీగా తీర్చడం ఇప్పుడు మరింత అవసరం.

రోడ్డుకు తగ్గ బస్సు

కాలువ గట్టు, పాతబజారు వంటి చోట్ల మూలను ఎంత మలచినా కొంతకు మించి సాధ్యం కాదు. అక్కడ బస్సునే మార్చుకోవాలి. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల కోసం తక్కువ పొడవు బస్సులు నడపడం తెలుగువారికి తెలిసిన ఉదాహరణే. సుమారు 4.2 మీటర్ల వీల్‌బేస్ ఉన్న చిన్న బస్సుకు, 11 మీటర్ల మలుపులో వెనుక చక్రం లోపలికి జరిగేది 80 సెంటీమీటర్లు మాత్రమే. 12 మీటర్ల బస్సుతో పోలిస్తే ఇది సగం కంటే తక్కువ. కేంద్రం 2023లో ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవ పథకంలోనూ పెద్ద, మధ్యతరహా, చిన్న బస్సులకు చోటు కల్పించారు. ఏ మార్గానికి ఏ బస్సు అన్నది ప్రయాణికుల సంఖ్యతో పాటు ఆ మార్గంలోని అతి ఇరుకు మలుపును చూసి నిర్ణయించాలి. మార్గమంతా విశాలంగా ఉన్నా, ఒక్క మూల తిరగకపోతే బస్సు అక్కడే ఆగుతుంది.

ఖాళీ బస్సుతో పరీక్ష

బస్సు ఊడ్చే దారిని కంప్యూటరులో గీసి చూపే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉన్నాయి. అవి అందుబాటులో లేని పురపాలక సంఘాలకూ మార్గముంది. రద్దీ తగ్గిన రాత్రివేళ ఒక ఖాళీ బస్సు, అనుభవమున్న డ్రైవరు, కొన్ని ప్లాస్టిక్ కోన్లు, సుద్దముక్క, టేపు ఉంటే చాలు. బస్సును నెమ్మదిగా తిప్పి, ముందు మూల, వెనుక చక్రం, తోక పోయిన దారిని నేల మీద గీస్తే, ఆ మూలలో ఏది అడ్డమో అక్కడికక్కడే తేలిపోతుంది. సిమెంటు పోసిన తర్వాత పగలగొట్టడం కంటే పోయకముందే ఈ పని చేయడం చవక. రహదారి, పురపాలక, విద్యుత్తు, ట్రాఫిక్ పోలీసు విభాగాలతో పాటు, రోజూ ఆ మలుపు తిరిగే ఆర్టీసీ డ్రైవరునూ అక్కడ నిలబెట్టి అడగాలి. ఏ స్తంభం అడ్డమో, ఏ మూలలో చక్రం ఎక్కుతుందో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

ఇవి గుర్తుంచుకోవాలి

* కూడలిలో బస్సు కుడికి జరిగితే ఎడమ పక్క దారి దొరికినట్లు కాదు. అది వెనుక చక్రం రాబోయే చోటు. ఎడమ ఇండికేటరు వెలుగుతుంటే వెనుకనే ఆగాలి.
* డ్రైవరు అద్దంలో మీకు కనిపించకపోతే, మీరు కూడా ఆయనకు కనిపించరు.
* స్టాపులో కాలిబాట అంచుకు కనీసం రెండడుగులు వెనుక నిలబడాలి. బస్సు కదిలేటప్పుడు తోక మీ వైపు ఊగవచ్చు.
* సిగ్నల్ వద్ద స్టాప్ లైన్ దాటి నిలిస్తే, మలుపు తిరిగే బస్సుకు మీరే అడ్డం.
* బస్సు మలుపు తిరిగేటప్పుడు ఫుట్‌బోర్డు మీద నిలబడరాదు, దిగడానికి ప్రయత్నించరాదు.